స్ట్రెస్ ఎకో రాశారా? వెళ్ళే ముందు ఏం చేయాలి, రిపోర్ట్ వచ్చాక ఏం చూసుకోవాలి

"డాక్టర్ గారు స్ట్రెస్ ఎకో రాశారండీ, పొద్దున బీపీ మాత్ర వేసుకుని వెళ్ళాలా మానేసి వెళ్ళాలా?" ఎకో ల్యాబ్ లో పని చేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఫోన్ లో, వాట్సాప్ లో, ఆఖరికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా వస్తూనే ఉంటుంది. అందరికీ ఒకే జవాబు చెప్పలేను. ఎందుకంటే టెస్ట్ పేరు ఒకటే అయినా దాంతో చూసే జబ్బులు వేరు వేరు, మీకు ఏ జబ్బు కోసం రాశారు అనే దాన్ని బట్టే మాత్ర ఆపాలా వద్దా, ట్రెడ్‌మిల్ మీద నడిపించాలా ఇంజెక్షన్ ఇవ్వాలా, రిపోర్ట్ లో ఏ నంబర్ చూసుకోవాలి అన్నీ మారిపోతాయి. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నా, మీకు సంబంధించింది తీసుకోండి.

థియరీ రెండు ముక్కల్లో చెప్తా. మామూలు 2డి ఎకో గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎలా ఉందో చూపిస్తుంది. చాలా మందికి మంచం మీద పడుకున్నంతసేపు గుండె బాగానే ఉంటుంది, మెట్లు ఎక్కితేనే నొప్పో ఆయాసమో వస్తుంది, అందుకని గుండెని కష్టపెట్టి వెంటనే మళ్ళీ ఎకో తీసి రెండూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. రేడియేషన్ ఉండదు.

తీసుకెళ్ళాల్సినవి

- పాత ఈసీజీ, పాత 2డి ఎకో, యాంజియోగ్రామ్ చేయించుకుని ఉంటే ఆ రిపోర్ట్, స్టెంట్ గానీ బైపాస్ గానీ అయ్యుంటే డిశ్చార్జ్ సమ్మరీ
- వాడుతున్న మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా. "తెల్లది చిన్న మాత్ర ఒకటి" అని చెప్తే మాకు అర్థం కాదండీ
- డాక్టర్ రాసిన చీటీ, దాని మీద టెస్ట్ ఎందుకో కారణం రాసి ఉండాలి
- నడవడానికి వీలైన బూట్లు, వదులుగా ఉండే ప్యాంటు. ఆడవాళ్ళు చీర కాకుండా చుడీదార్ లో వస్తే నడక తేలిక, పైన ముందు వైపు తెరుచుకునేది అయితే ఇంకా మంచిది
- ఆస్తమా ఉంటే ఇన్హేలర్, షుగర్ ఉంటే టెస్ట్ అయ్యాక తినడానికి బిస్కెట్లో పండో
- తోడు ఒక మనిషి

ఛాతీకి ఆ రోజు నూనె, పౌడర్, క్రీమ్ ఏమీ రాసుకోవద్దు, ఈసీజీ స్టిక్కర్లు అంటుకోవు, నడిచేటప్పుడు ఊడిపోతాయి. మగవాళ్ళకి ఛాతీ మీద జుట్టు ఎక్కువ ఉంటే స్టిక్కర్ పెట్టే చోట షేవ్ చేస్తారు. మెడలో గొలుసులు ఇంట్లోనే పెట్టి రండి.

1. ముందు డాక్టర్ ని ఒక్క ప్రశ్న అడగండి: "దేని కోసం సార్ ఈ టెస్ట్?"

అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. జవాబు మామూలుగా వీటిలో ఒకటి అయ్యుంటుంది:

బ్లాకులు ఉన్నాయేమో అని. ఎక్కువ మందికి రాసేది దీనికే. ఛాతీ నొప్పి ఉంది, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే టెస్ట్) తేడాగా వచ్చింది, లేదా రెస్ట్ ఈసీజీ లోనే మార్పులు ఉండి టీఎంటీ చదవడానికి పనికిరాదు. ఆడవాళ్ళలో టీఎంటీ ఊరికే పాజిటివ్ రావడం ఎక్కువ, అలాంటప్పుడు నేరుగా యాంజియోకి పోకుండా స్ట్రెస్ ఎకో చేస్తే చాలా మందికి అనవసరమైన భయం తప్పుతుంది.

హార్ట్ ఎటాక్ వచ్చి పంపింగ్ తగ్గిన వాళ్ళకి, ఆ దెబ్బ తిన్న కండరం ఇంకా బతికే ఉందా, స్టెంట్ వేస్తేనో బైపాస్ చేస్తేనో కోలుకుంటుందా అని.

వాల్వుల కోసం. పెద్దవాళ్ళలో అయోర్టిక్ వాల్వు గట్టిపడి సన్నబడటం, లేదా చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు సన్నబడటం. ఈ రెండోది మన దగ్గర ఇంకా చాలా ఉంది, ముప్పై ఏళ్ళ అమ్మాయిలు కూడా ఆయాసంతో వస్తారు.

గుండె కండరం పుట్టుకతో వచ్చిన కారణాల వల్ల మందమయ్యే జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటారు. కొందరికి రెస్ట్ లో రక్తం బాగానే బయటికి పోతుంది, కష్టపడితేనే దారి అడ్డం పడుతుంది.

చివరిది, పంపింగ్ నార్మల్ అంటారు కానీ నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, ఎందుకో తెలియట్లేదు. బీపీ, షుగర్, బరువు ఉన్న పెద్దవాళ్ళు ఎక్కువ ఇందులో.

ఆ జవాబు చీటీ మీద రాయించుకోండి. "స్ట్రెస్ ఎకో" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే ల్యాబ్ లో అలవాటుగా బ్లాకుల కోసం చేసే పద్ధతిలో చేసేస్తారు, మీకు కావాల్సింది వాల్వు గ్రేడియెంట్ (వాల్వుకి ఆ పక్కా ఈ పక్కా ఉండే ప్రెషర్ తేడా) అయితే ఆ నంబరే రిపోర్ట్ లో ఉండదు, మళ్ళీ చేయించుకోవాలి.

2. ఈ రోజు చేయించుకోవచ్చా లేదా చూసుకోండి

కింద వాటిలో ఏది ఉన్నా టేబుల్ ఎక్కక ముందే చెప్పండి, టెస్ట్ వాయిదా వేస్తారు లేదా వేరేది చేస్తారు:

- రెండు మూడు రోజులుగా ఛాతీ నొప్పి పెరుగుతోంది, కూర్చున్నా వస్తోంది. ఇలా ఉంటే స్ట్రెస్ ఎకో కోసం అపాయింట్‌మెంట్ తీసుకుని ఎదురు చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి
- హార్ట్ ఎటాక్ వచ్చి 2 రోజులు కాలేదు
- కాళ్ళ వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం
- బీపీ 200/110 దాటి ఉంది
- అయోర్టిక్ వాల్వు బాగా సన్నబడి ఇప్పటికే కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఉన్నాయి
- జ్వరం, గుండె దడ కంట్రోల్ లో లేదు

"ఇంత దూరం వచ్చాం కదా చేసేయండి" అని మాత్రం బలవంతం చేయకండి. బీపీ ఎక్కువ ఉన్న రోజు చేస్తే ప్రమాదం సంగతి అటుంచి రిజల్ట్ కూడా సరిగ్గా రాదు, బ్లాక్ లేకపోయినా గుండె గోడలు బలహీనంగా కనిపించొచ్చు.

3. మాత్రల సంగతి తేల్చుకోండి

మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ ఇవన్నీ బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని పెరగనివ్వవు. కొత్తగా బ్లాకులు ఉన్నాయా అని చూసేటప్పుడు వేగం పెరగాలి కాబట్టి చాలా చోట్ల 24 నుంచి 48 గంటల ముందు ఆపమంటారు. డిల్టియాజెమ్, వెరాపమిల్ కూడా ఇదే లెక్క.

కానీ ఇప్పటికే బ్లాకులు తెలిసి, మందులు వాడుతుండగా గుండె ఎలా తట్టుకుంటోంది అని చూడాలంటే ఆపకూడదు. కండరం మందమైన జబ్బు ఉన్నవాళ్ళ విషయం కూడా వేరు, వాళ్ళకి డాక్టర్ చెప్పిందే ఫైనల్.

హెచ్చరిక: బీటా బ్లాకర్ ని మీ అంతట మీరు ఎప్పుడూ ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే దడ, బీపీ, నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతాయి. రాసిన డాక్టర్ నోటితో "ఆపండి, ఇన్ని గంటలు ఆపండి" అని చెప్పించుకోండి, టెస్ట్ అయ్యాక ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడిగేయండి.

యాస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, థైరాయిడ్, రక్తం పల్చబడే మాత్రలు మామూలుగా ఆపాల్సిన పని లేదు. షుగర్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం అడగాలి, ఎందుకంటే టెస్ట్ కి 3, 4 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, తినకుండా ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. కొంచెం మంచినీళ్ళు తాగొచ్చు. డైపిరిడమాల్ అనే ఇంజెక్షన్ తో చేస్తామని చెప్తే టీ, కాఫీ, చాక్లెట్, కూల్ డ్రింకులు ముందు రోజు నుంచే బంద్, ఒక్క గ్లాసు కాఫీ తాగినా ఆ మందు పని సరిగ్గా చేయదు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ మందు వద్దు, ముందే చెప్పండి.

4. నడకా, ఇంజెక్షనా?

నడవగలిగితే నడకే మంచిది. మీరు ఎంత నడిచారు, నొప్పి ఎప్పుడు వచ్చింది, బీపీ ఎలా పెరిగింది అన్నీ తెలుస్తాయి, రిస్క్ కూడా తక్కువ. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి, కాళ్ళలో రక్తం సరిగ్గా పారని వాళ్ళకి గుండె వేగాన్ని పెంచే డోబుటమిన్ ఇంజెక్షన్. "ఎందుకులే, ఇంజెక్షన్ తో పడుకుని చేయించుకుంటే సుఖం" అని అనుకోకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కండరం మందమైన జబ్బు కోసం అయితే డోబుటమిన్ వాడకూడదు, నడిపించే చేయాలి. ఆ మందు ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా లోపల ప్రెషర్ తేడా చూపించగలదు. మీ చీటీలో ఆ జబ్బు పేరుండి డోబుటమిన్ అంటుంటే ఒకసారి మర్యాదగా అడగండి.

5. మొదటి ఫొటోలు, అప్పుడే ఒక చిన్న ప్రాక్టీస్

ఎడమ పక్కకి తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోమంటారు. జెల్ రాసి నాలుగు కోణాల్లో తీస్తారు. "ఊపిరి వదిలేసి ఆపండి" అన్నప్పుడు మామూలుగా వదిలేసి పట్టుకోవాలి, చాలా మంది గట్టిగా ఊపిరి పీల్చి ఆపుతారు, అప్పుడు ఊపిరితిత్తులు అడ్డం వచ్చి గుండె కనిపించదు. ఈ టైమ్ లోనే రెండు మూడు సార్లు ప్రాక్టీస్ చేయండి. నడక అయ్యాక రొప్పుతూ వచ్చి పడుకున్నప్పుడు ఇది నేర్చుకోవడం కుదరదు.

గుండె సరిగ్గా కనిపించకపోతే, బాగా లావుగా ఉన్నవాళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి ఇలా అవుతుంటుంది, చెయ్యి నరంలో కాంట్రాస్ట్ ఇచ్చి చేస్తారు. ఇవి చిన్న చిన్న గ్యాస్ బుడగలు, సీటీ స్కాన్ లో ఇచ్చే అయోడిన్ మందు కాదు, కిడ్నీ గురించి భయపడక్కర్లేదు. ఆ సౌకర్యం అక్కడ లేకపోతే థాలియం స్కాన్, సీటీ యాంజియో లాంటివి ఉన్నాయి. సగం గుండె కనపడకుండానే టెస్ట్ లాగించేయడం కంటే అదే నయం.

6. నడిచేవాళ్ళు

ఎక్కువ చోట్ల బ్రూస్ ప్రోటోకాల్ వాడతారు, 3 నిమిషాలకోసారి వేగం, ఎత్తు రెండూ పెరుగుతాయి. మొదలు గంటకి 2.7 కిలోమీటర్లు, తర్వాత 4, మూడో స్టేజ్ లో 5.5 దాకా వెళ్తుంది, అక్కడ బాగా వేగంగా నడవాలి.

మీరు చేరాల్సిన గుండె వేగం ఇలా లెక్కేసుకోండి: 220 లోంచి మీ వయసు తీసేసి అందులో 85 శాతం. 60 ఏళ్ళవాళ్ళకి 220 లోంచి 60 పోతే 160, అందులో 85 శాతం అంటే 136. ఇది కనీసం, అక్కడ చేరగానే ఆగిపోవాలని కాదు, ఓపిక ఉంటే ఇంకొంచెం నడవండి.

కడ్డీని వేళ్ళతో తాకి పెట్టుకోండి చాలు. దాని మీద బరువంతా వేసి వేలాడితే గుండెకి పని పడదు, నిమిషాలు మాత్రం ఎక్కువ చూపిస్తుంది.

ఇంక అసలు కీలకం ఇక్కడుంది. టీఎంటీ లో అయితే చివర మెల్లగా నడిపించి ఆపుతారు. బ్లాకుల కోసం చేసే స్ట్రెస్ ఎకోలో అలా ఉండదు, మిషన్ ఆగగానే దిగి మంచం మీదకి వెళ్ళి ఎడమకి తిరిగి పడుకోవాలి, ఆగిన 60 నుంచి 90 సెకన్ల లోపల ఫొటోలు అయిపోవాలి. ఎందుకంటే రక్తం అందక బలహీనపడిన గోడ విశ్రాంతి దొరికితే చకచకా కోలుకుంటుంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే ఉన్న బ్లాక్ కూడా కనపడకుండా పోవచ్చు. అందుకే ఇక నావల్ల కాదు అనిపించే ముందే, ఇంకో అర నిమిషం ఓపిక ఉండగానే "ఆపేస్తానండీ" అని చెప్పండి, మేం ప్రోబ్ పట్టుకుని రెడీగా ఉంటాం. దిగాక నీళ్ళు అడగడం, చెమట తుడుచుకోవడం అన్నీ తర్వాత.

ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఊపిరాడకపోవడం ఏది వచ్చినా ఆ క్షణమే చెప్పాలి. టెస్ట్ పాడవుతుందని దాచుకోవద్దు, ఆ నొప్పి ఎప్పుడు వచ్చింది అనేదే మాకు కావాల్సిన సమాచారం.

7. ఇంజెక్షన్ వాళ్ళు

డోస్ బరువుని బట్టి ఇస్తారు కాబట్టి బరువు అక్కడే చూపించుకోండి, అంచనాగా చెప్పొద్దు. కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 3 నిమిషాలకోసారి 10, 20, 30, 40 కి పెంచుతారు. గుండె దడదడలాడుతుంది, కొంచెం వణుకు, తల మీద జిల్లుమన్నట్టు ఉంటుంది, ఇవన్నీ మందు వల్లే. ఆపాక 5, 10 నిమిషాల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే విరుగుడు ఇంజెక్షన్ పక్కనే ఉంటుంది.

వేగం చాలకపోతే అట్రోపిన్ కలుపుతారు. కంట్లో ప్రెషర్ జబ్బు, అంటే గ్లకోమా, లేదా ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. మగవాళ్ళు సిగ్గుతో ఈ రెండోది చెప్పరు, తర్వాత రాత్రంతా అవస్థ పడతారు. అట్రోపిన్ ఇస్తే కొన్ని గంటలు నోరెండిపోయి చూపు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు.

కండరం బతికుందా అని చూసేవాళ్ళకి, అయోర్టిక్ వాల్వు వాళ్ళకి తక్కువ డోస్ లోనే అసలు ఆట ఉంటుంది. వాల్వుకైతే మామూలుగా 20 దాటరు. 

8. రిపోర్ట్ చేతికొచ్చాక

చివరి లైన్ ఒక్కటే చదివి ఫోన్ చేస్తారు అందరూ, "నెగెటివ్ అని ఉందండీ, బానే ఉందా చెడ్డదా" అని. నెగెటివ్ అంటే మంచిదే, కానీ ఆ లైన్ కంటే ముందు ఇవి చూడండి.

మొదట, ఎంత గుండె వేగం చేరింది, అది ఎంత శాతం. బ్లాకుల కోసం చేసిన టెస్ట్ లో 85 శాతం కంటే బాగా తక్కువ ఉండి గోడలన్నీ నార్మల్ అని ఉంటే దాన్ని నెగెటివ్ అనుకోవడం పొరపాటు, అది తేలని టెస్ట్. డెబ్బై శాతం దగ్గర ఆగిపోయిన రిపోర్ట్ ని బీరువాలో పెట్టుకుని ధైర్యంగా తిరిగేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. తక్కువ వేగంలోనే గోడ బలహీనపడితే మాత్రం అది పాజిటివే, ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సిన పాజిటివ్.

రెండోది, ఫొటోలు ఎలా వచ్చాయి. గుండె గోడల్ని 16 లేదా 17 ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు వేస్తారు. 1 అంటే నార్మల్, 2 బలహీనం, 3 అసలు కదలట్లేదు, 4 ఎదురు దిశలో ఉబ్బుతోంది. ఇక్కడ మార్కులు తక్కువ ఉంటేనే మంచిది, సగటు 1 ఉంటే అన్నీ బాగున్నట్టు.

ఆ తర్వాత రెస్ట్ కి, కష్టానికి తేడా ఇలా చదవండి. రెస్ట్ లో బాగుండి కష్టంలో ఇంకా గట్టిగా కొట్టుకుంటే నార్మల్. రెస్ట్ లో బాగుండి కష్టంలో ఒక గోడ వెనకబడితే అక్కడికి రక్తం చాలట్లేదు. ముందు గోడ, గుండె కొస అయితే ఎల్ఏడీ అనే ముందు వైపు రక్తనాళం, కింద గోడ అయితే ఎక్కువగా కుడి ధమని, పక్క గోడ అయితే సర్కమ్‌ఫ్లెక్స్ అనే పక్క రక్తనాళం అని అనుకుంటారు. రెస్ట్ లోనూ కష్టంలోనూ ఒకేలా కదలకుండా ఉంటే అది పాత ఎటాక్ మచ్చ. రెస్ట్ లో బలహీనంగా ఉండి, తక్కువ డోస్ లో మెరుగై, ఎక్కువ డోస్ లో మళ్ళీ పడిపోతే ఆ కండరం బతికే ఉంది, రక్తం కోసం ఎదురు చూస్తోంది, బైఫేజిక్ అని రాస్తారు. ఈ మాట మీ రిపోర్ట్ లో ఉంటే డాక్టర్ ని తొందరగా కలవండి.

వాల్వుల వాళ్ళు గోడల పేరా దాటి నంబర్లకి వెళ్ళండి. పంపింగ్ తక్కువగా ఉన్న అయోర్టిక్ వాల్వు కేసులో, కష్టంలో సగటు గ్రేడియెంట్ 40 లేదా పైన, వాల్వు గుండా రక్తం పోయే వేగం సెకనుకి 4 మీటర్లు లేదా పైన, అయినా వాల్వు వైశాల్యం 1 చదరపు సెంటీమీటర్ లోపే ఉందంటే నిజంగానే బాగా సన్నబడింది. వైశాల్యం 1 దాటి తెరుచుకుంటే వాల్వు కంటే కండరం సమస్యే ఎక్కువ. ఒక్కో బీట్ కి బయటికి పోయే రక్తం 20 శాతం కూడా పెరగకపోతే ఈ టెస్ట్ తో తేలలేదని అర్థం, అప్పుడు సీటీ లో వాల్వు మీద కాల్షియం చూస్తారు. మైట్రల్ వాళ్ళకి నడిచాక సగటు గ్రేడియెంట్ 15 దాటిందా, ఊపిరితిత్తుల ప్రెషర్ 60 దాటిందా అన్నది చూడాలి, రెస్ట్ లో మామూలుగా ఉండి ఇక్కడ దాటితే మీ ఆయాసానికి కారణం దొరికినట్టే.

కండరం మందమైన జబ్బులో గ్రేడియెంట్ 50 లేదా పైన అన్నది ముఖ్యమైన గీత. కారణం తెలియని ఆయాసం వాళ్ళకి గుండె లోపలి ప్రెషర్ ని అంచనా వేసే ఈ బై ఈ ప్రైమ్ (E/e') అనే నిష్పత్తి నడిచాక 14 దాటడం, దాంతో పాటు ట్రైకస్పిడ్ అనే కుడి వైపు వాల్వు లీక్ వేగం 2.8 మీటర్లు దాటడం, ఈ రెండూ కలిసి ఉంటే గుండె గట్టిపడి లోపల ప్రెషర్ పెరుగుతోందని అనుమానించాలి. ఒక్కటే పెరిగితే తొందరపడొద్దు.

తప్పు రిజల్ట్ ఎక్కడ వస్తుంది

ఉన్నది కనపడకపోవడం: వేగం చాలకపోవడం, ఫొటోలు ఆలస్యం కావడం, ఒక్క రక్తనాళంలోనే, అందులోనూ సర్కమ్‌ఫ్లెక్స్ లో చిన్న బ్లాక్ ఉండటం. లేనిది కనిపించడం: లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (రక్తనాళంలో కాదు, గుండెలో కరెంట్ పోయే దారిలో అడ్డు), పేస్‌మేకర్, బైపాస్ ఆపరేషన్ అయినవాళ్ళు, వీళ్ళకి మధ్య గోడ ఎప్పుడూ కొంచెం వింతగానే కదులుతుంది. కింద గోడ మొదలు భాగం కూడా చాలా సార్లు మోసం చేస్తుంది. మీరు ఈ గుంపులో ఉంటే పాజిటివ్ రాగానే కంగారు పడకుండా, ఆ గోడ ఒక్కటేనా ఇంకేమన్నా ఉందా అని అడగండి.

ఇంకొకటి, ఈ టెస్ట్ రక్త ప్రవాహాన్ని తగ్గించేంత పెద్ద బ్లాకుల్ని మాత్రమే పట్టుకుంటుంది. 30 శాతం కొవ్వు పేరుకుని ఉంటే నార్మల్ అనే వస్తుంది. వేగం సరిగ్గా చేరి నార్మల్ వచ్చినవాళ్ళలో ఏడాదిలో గుండె ప్రమాదం 1 శాతం కంటే తక్కువే, చాలా మంచి విషయం, కానీ ఆ కాగితం చూసుకుని కొలెస్ట్రాల్ మాత్ర మానేయడం, సిగరెట్ మళ్ళీ అంటించడం చేయొద్దు దయచేసి.

ఇంటికెళ్ళాక

వేగం, బీపీ మామూలుకి వచ్చే దాకా ల్యాబ్ లోనే కూర్చోబెడతారు, తొందరపెట్టొద్దు. తర్వాత తినొచ్చు, కాఫీ తాగొచ్చు. ఆపిన బీటా బ్లాకర్ ని డాక్టర్ చెప్పిన టైమ్ కి మొదలుపెట్టండి, టెస్ట్ హడావుడిలో చాలా మంది మర్చిపోయేది ఇదే. ఆ రోజు రాత్రి లోపల ఛాతీ నొప్పి గానీ, ఆగని దడ గానీ వస్తే రిపోర్ట్ నార్మల్ అని ఉన్నా సరే 108 కి ఫోన్ చేయండి. రిపోర్ట్ కాగితంతో పాటు వీడియోలు సీడీలోనో పెన్ డ్రైవ్ లోనో అడిగి తీసుకోండి, వేరే డాక్టర్ కి చూపించాలన్నా, రెండేళ్ళ తర్వాత పోల్చాలన్నా కాగితం మీద రాసింది సరిపోదు, గోడ ఎలా కదిలిందో వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూడాలి.